తోక నవ్వు

ముప్పై అయిదేళ్ళు బడిలో పిల్లలకి కథలు చెప్పాను. ఏ కథ చెప్పినా "కాబట్టి పిల్లలూ..." అంటూ నీతి చెప్పి ముగించేవాణ్ణి. ఈ కథలో ఆ మాట దాకా వచ్చి ఆగిపోతున్నాను.

మధ్యాహ్నం మూడయింది. ముసురు పట్టింది. ముందుగదిలో తడిసిన గోడల వాసన. వంటగదిలో మా ఆవిడ గిన్నెలు తోముతోంది. టీవీలో పాత కార్యక్రమాలు చూసే ఏర్పాటేదో చేసిపెట్టి, "ఇక తోచడం లేదని నన్ను పీక్కుతినకు నాన్నా" అని మా అమ్మాయి ఆ ఉదయమే వెళ్ళింది. మీటలు నొక్కుతూ పోతుంటే ఆ హాస్య ధారావాహిక కనిపించింది. పిసినారి ఇంటాయన, అతని ముగ్గురు అల్లుళ్ళు.

ఒకప్పుడు ఊరంతా చూసింది. నేనొక్కణ్ణే చూడలేదు. అందులో మా అక్క ఉంది.

తెర మీద కాదు. స్టూడియోలో, ఎదురుగా వేసిన కుర్చీల్లో. ఎర్ర దీపం వెలగగానే నలభై మందీ నవ్వాలి, అదీ పని. పొద్దున్నే మొదటి బస్సుకి పట్నం వెళ్ళేది. దీపం చూసి నవ్వడం తనకి చేతకాలేదు. జోకు నిజంగా విని, అర్థం చేసుకుని, అందరూ ఆగాక నవ్వేది. పని పోతుందని భయపడింది. తీరా శబ్దాలు చూసుకునే ఆయనకి అదే నచ్చింది. "ఈ తోక నవ్వు వింటే ఇళ్ళల్లో వాళ్ళు ఇంకోసారి నవ్వుతారమ్మా" అన్నాడట. అదే ఆమెకి పేరైపోయింది.

నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను. లెక్కల మాస్టారు అందరి ముందూ, "మీ అక్కగారు నిన్న మా ఇంట్లో తెగ నవ్వారండీ" అన్నాడు. ఇంటికెళ్ళి మండిపడ్డాను.

"నన్ను నవ్వులపాలు చేశావు కదక్కా!"

"నవ్వినా తప్పేనట్రా?"

"ఇంకోసారి ఆ నవ్వు నవ్వితే ఈ గడప తొక్కకు."

తొక్కలేదు. రెండేళ్ళకి, అద్దెగదిలో జ్వరంతో పోయిందని, అంతా అయిపోయాక కబురందింది. అడగాల్సిన క్షమాపణ నా నాలుక చివరే మిగిలిపోయింది.

మీట నొక్కాను.

జోకు. నవ్వు గుప్పుమంది, సద్దుమణిగింది. ఆ వెనకే సన్నగా ఒక్క గొంతు...

అక్క!

కళ్ళు నిండిపోయాయి. రెండో జోకుకీ నవ్వింది. మూడోదానికీ. కానీ మూడోసారి ఆ నవ్వు టీవీలోంచి రాలేదు.

నా వీపు వెనక, గోడ వైపు నుంచి వచ్చింది.

వెనక్కి తిరగలేకపోయాను. చేతికందిన మీట నొక్కి శబ్దం పూర్తిగా తగ్గించాను. తెర మీద ఇంటాయన నోరు మెదుపుతున్నాడు. మాట లేదు. నవ్వులు మాత్రం వస్తూనే ఉన్నాయి...

"అక్కా..." గుసగుసగా అన్నాను.

నవ్వులు ఆగాయి. తెర మీద నటులూ ఆగారు.

"తప్పయిపోయిందక్కా... నన్ను క్షమించు."

ఒక్క క్షణం...

గదంతా నవ్వింది. నలభై గొంతులు. పొట్ట పట్టుకుని, ఊపిరాడక, తొడలు చరుచుకుంటూ. కుర్చీలు కిర్రుమన్నాయి. నవ్వు తగ్గేదాకా నటులు ఆగుతారు చూడండి... అలా ఆగి, ఇంటాయనా అల్లుళ్ళూ నావైపే చూస్తున్నారు.

మెల్లగా నవ్వు తగ్గింది. ఒక్కొక్క గొంతే ఆగింది. ఆఖర్న ఆ ఒక్క గొంతూ నవ్వుతుందా? నవ్వితే నా పాపం పండినట్టే. నవ్వకపోతే...

నవ్వలేదు.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఏమండీ," మా ఆవిడ అక్కణ్ణుంచే కేకేసింది. "ఎవరండీ ఆవిడ? అంతలా ఏడుస్తోంది... ఆ టీవీ కట్టేయండి, వినలేకపోతున్నాను."

చెవులు రిక్కించాను. నాకేమీ వినిపించలేదు.