సమ్మమ్మ పట్టుకున్న గేటు

వరంగల్‌ల మా గల్లీ చివర ఒక ఖాళీ ఇల్లుండేది. ముంగట ఇనుప గేటు. పొద్దూకినంక ఆ గేటు పక్కపొంటి నడవాలంటే మొగోళ్లు గూడ ధైర్యానికి బీడీ ముట్టిచ్చుకునేటోళ్లు.

ఆ ఇంట్లనే లింగమ్మ అనే పందొమ్మిదేండ్ల పిల్ల కామెర్లొచ్చి చనిపోయింది. వాళ్లమ్మ సమ్మమ్మ ఇల్లు ఖాళీ చేసి, ఎదురుంగ ఒక అర్రల కిరాయికి దిగింది. ఆ తర్వాత ఆ ఇంట్ల ఎవ్వరూ దిగలే. లింగమ్మ తిరుగుతాందన్నరు. ఎవ్వరూ చూడలే... అయినా అన్నరు.

ఎనభైరెండు డిసెంబర్ల సంగతి ఇది. మైక్‌సెట్లు, సీరియల్ బల్బులు కిరాయికిచ్చే యాకయ్య చెప్పంగ విన్న.

ఆ ఇంటి పక్కనే చిన్న ప్రార్థన మందిరం. క్రిస్మస్ అని వాళ్లు యాకయ్యతోని గల్లీ పొడుగూత రంగుల బల్బులు కట్టిచ్చిన్రు. రెండో రోజు రాత్రి ఎనిమిదింటికి బట్టలు నేసే సాంచెల కార్ఖానా నుంచి మా గల్లీ ఉప్పలయ్య వస్తాండు. మంచు బాగ పడుతాంది. చెప్పు తెగితే ఒట్టికాళ్లతోని నడుస్తాండు. కాల్ల ముల్లు గుచ్చుకున్నదని, ఒక చెయ్యి గేటు మీద పెట్టిండు —

పట్టుకుంది.

లోపలి నుంచి ఎవరో చెయ్యి పట్టి గుంజినట్టయింది. ఇడిపిచ్చుకుంటే ఇడవదు... అరుద్దామంటే గొంతు రాదు. ఒళ్లంత దడదడ కొట్టుకుంది. ఆఖరికి ఎల్లెలకల పడ్డడు.

"లింగమ్మ... నన్ను పట్టింది" అన్నడు, అంతే.

తెల్లారి చూస్తే గేటు కాడ ఒక కుక్క చచ్చి పడి ఉంది. గల్లీ పెద్దమనిషి రాజమల్లు మంత్రగానికి కబురు పెట్టిండు. రేపు మాపటికి వచ్చి, మేకు కొట్టి ఆ పిల్లను కట్టేస్తనని జవాబొచ్చింది.

సమ్మమ్మ నలుగుర్ల నిలబడ్డది. "నా బిడ్డ బతికినన్ని దినాలు ఒగల జోలికి పోలే. సచ్చినంక పోతదా? మేకు కొట్టాల్నంటే ముందుగాల నాకు కొట్టుండ్రి."

"నీకు కడుపుతీపి, వదినా" అన్నడు రాజమల్లు మెల్లగ. "మా పిల్లల సంగతేంది?"

సమ్మమ్మ పొద్దూకంగనే యాకయ్య దుకాణానికి పోయింది.

"నా బిడ్డ పోయి ఆరేండ్లాయె. పగటిపూట ఆ గేటుకు మేకలు కట్టేసిన్రు, సైకిళ్లు ఆనిచ్చిన్రు. ఎవ్వల చెయ్యి పట్టలే. నువ్వు బల్బులు కట్టినంకనే ఎట్ల పట్టింది, యాకయ్యా?"

యాకయ్య చేతిల ఉన్న వైరు చుట్ట పక్కకు పెట్టిండు.

"కరెంటు టెస్టర్ పట్టుకొని రా. నేను ముంగట నడుస్త."

గల్లీల ఒక్క తలుపు తెరిచి లేదు. బల్బులు మాత్రం ఎర్రగ, పచ్చగ వెలుగుతున్నయి. గేటు మీద మంచు నీళ్లు కారుతున్నయి. యాకయ్య గేటుకు మూరెడు దూరంల ఆగిండు.

"భయపడకు" అన్నది సమ్మమ్మ గుసగుసగ. "అక్కడుంటే నా బిడ్డే గద."

టెస్టర్ మొన గేటుకు ఆనిచ్చిండు... దాని పిడి లోపల చిన్న ఎర్ర దీపం వెలిగింది.

ఉరికి పోయి మందిరంల ప్లగ్గు పీకిండు. మళ్ల ఆనిస్తే — దీపం లేదు.

టార్చి ఏసి చూసిన్రు. బల్బులు కట్టిననాడు వైరు సాలక యాకయ్య ఇంకో ముక్క మెలేసిండు. టేపు లేదని గుడ్డపేలిక చుట్టిండు. ఆ అతుకును తెచ్చి గేటు కడ్డీకే కట్టిండు. మంచుకు పేలిక తడిసి, కరెంటు ఇనుముకు ఎక్కింది.

"జర ఎవ్వలకు చెప్పకు, అక్కా. నా ధంద పోతది."

"నీ ధంద కోసం నా బిడ్డను దెయ్యం చేస్తవా?"

యాకయ్య ఆ రాత్రి ప్లగ్గు మళ్ల పెట్టలే.

తెల్లారి వైరంత పీకేసిండు. అతుకు లేని కొత్త వైరు తెచ్చిండు. ప్లగ్గు మందిరం లోపల, కప్పు కిందనే ఉంచిండు. బల్బుల తీగను ఇనుముకు తాకకుండ, ఎండు కట్టెల మీద ఎత్తుగ కట్టిండు. పండుకునే ముందు బందు చేయాలని మందిరపోళ్లకు చెప్పిండు.

మాపటికి మంత్రగాడు మేకుతోని దిగిండు. యాకయ్య అందరి ముంగట తన తప్పు ఒప్పుకున్నడు. రాజమల్లు నమ్మలే.

"సమ్మమ్మ చెప్పుమన్నట్టు చెప్తున్నవు నువ్వు" అన్నడు.

సమ్మమ్మ బల్బులు ఏయించింది. టెస్టర్ గేటుకు ఆనిచ్చి, దీపం వెలగలేదని చూపిచ్చింది. చెప్పులు ఇడిచి, గేటును రెండు చేతులతోని పట్టుకుంది.

"రా, రాజమల్లు. పట్టు."

రాజమల్లు కదలలే. ఉప్పలయ్య వచ్చిండు. కమిలిన అరచేతిని మెల్లగ గేటు మీద పెట్టిండు... కండ్లు మూసుకున్నడు. ఇనుము చల్లగుంది. అంతే. ఆ తర్వాత రాజమల్లు పట్టిండు, ఒకరెనుక ఒకరు అందరు పట్టిన్రు. ఆఖరోడు పట్టేదాక సమ్మమ్మ చేతులు తియ్యలే. మంత్రగాడు మేకు సంచిల ఏసుకొని పోయిండు.

క్రిస్మస్ నాడు సమ్మమ్మ ఆ ఖాళీ ఇంటి ఓనరు కాడికి పోయి తాళంచెవి అడిగి తెచ్చుకుంది. బిడ్డ కన్ను మూసిన అర్రలనే చాప పరుచుకొని, ఆ రాత్రి తలుపు తెరిచే పండుకుంది.