ఖాసిం వలి గదిలో చేపలు

"తమరి చేపలు లేచాయా? వాటికి కూడా కాఫీ కలపమంటారా?"

వంటింట్లోంచి కేథరిన్ గొంతు వినపడగానే, హాల్లో ఆక్వేరియం ముందు వంగి మేత వేస్తున్న దేవసహాయం చప్పున నిటారుగా నిలబడ్డాడు. డబ్బా మూత బిగించి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చి కాఫీ కప్పు అందుకున్నాడు.

భర్తతో మాట్లాడేటప్పుడు 'మీరు' పోయి 'తమరు' ఎప్పుడొచ్చిందో కేథరిన్‌కే గుర్తులేదు. గౌరవం పెరిగి వచ్చిన మాట మాత్రం కాదది. ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె వెనకాలే రాజోలులో బడి పంతులు ఉద్యోగం వదిలేసి కువైట్ వచ్చిన దేవసహాయం, మిర్కాబ్‌లో ఒక టైపింగ్ ఆఫీసులో గుమాస్తా. ఎగైలాలో వాళ్ళుంటున్న అద్దె ఫ్లాటు ఆమె పేరు మీద ఉంది. ఇఖామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, అతను ఆమె మీద ఆధారపడ్డ మనిషి. ఆ సంగతి ఆమె ఎన్నడూ పైకి అనలేదు. అనకుండానే రోజూ గుర్తు చేసేది.

"వచ్చేవారం నుంచి బిల్డింగు వాళ్ళు పని మొదలెడతారట. పాత టైల్స్ అన్నీ పీకేసి కొత్తవి వేస్తారు. ఎలాగూ ఇల్లు తవ్వుతున్నారు కదా అని రంగులు కూడా వేయిస్తున్నాను" అంది కేథరిన్, తెల్ల యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ. "క్రిస్టీనా బాప్తిస్మం కృతజ్ఞత కూడికకి పాస్టరుగారు, మా మేట్రన్, అందరూ వస్తారు. ఆ రోజుకి ఈ ఇల్లు మనుషులు ఉండే ఇల్లులా కనపడాలి."

"టైల్స్ కోస్తే దుమ్ము లేస్తుంది కేథరిన్. రంగు వాసనొకటి. చేపలు తట్టుకోలేవు."

"అయితే సూక్ అల్ జుమా సంతకి పట్టుకెళ్ళి ఇచ్చేయండి. అక్కడ కొన్నవేగా."

"పని అయ్యేదాకానే కదా. ఖాసిం వలి దగ్గర పెడతాను. వాళ్ళ గది పక్కన తోటమాలి గది ఖాళీగా ఉందట. వాళ్ళ మామా కూడా సరేనందట."

ఖాసిం వలిది రాయచోటి. రెండు వీధుల అవతల ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. అతని భార్య ఆసియా బీ అదే ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటి యజమానురాలినే వాళ్ళు మామా అంటారు. ఏవో కాగితాల పని మీద టైపింగ్ ఆఫీసుకి వచ్చినప్పుడు దేవసహాయానికి స్నేహమయ్యాడు.

"హౌస్ డ్రైవరా!" కేథరిన్ పెదవి విరిచింది. "బాగుందండీ. ఎవరైనా అడిగితే మా చేపలు డ్రైవరు గదిలో అద్దెకుంటున్నాయని చెప్తాను. తమరికి దొరికే స్నేహితులు కూడా తమరికి తగ్గవాళ్ళే."

బడికి తయారవుతున్న క్రిస్టీనా గదిలోంచి ఫక్కున నవ్వింది. కూతురు నవ్వగానే కేథరిన్‌కి కూడా నవ్వొచ్చింది. దేవసహాయం కాఫీ తాగడం ముగించి కప్పు కడిగి పెట్టాడు.

శుక్రవారం ఉదయం ఖాసిం వలి తన యజమాని బండి తీసుకుని వచ్చాడు. దేవసహాయం అప్పటికే తొట్టిలోని పాత నీళ్ళు క్యాన్లలో నింపి పెట్టుకున్నాడు. మూతలున్న బకెట్లలో అదే నీరు సగానికి పోసి, చిన్న వలతో చేపల్ని ఒక్కొక్కటిగా దింపుతున్నాడు. వెండి రంగు ఏంజెల్ చేపలు వెంటనే వచ్చేశాయి. పెద్ద ఆస్కార్ చేప మాత్రం తోక కొట్టి నీళ్ళన్నీ చిమ్మింది.

"డాడీ, తమరు ఆ బకెట్టు కార్పెట్ మీద పెట్టకండి, ప్లీజ్" అంది క్రిస్టీనా.

అచ్చం తల్లి గొంతే. అదే సాగదీత. కేథరిన్ కూతురి భుజం మీద చెయ్యివేసి కిలకిలా నవ్వింది. దేవసహాయం బకెట్టు ఎత్తి బయట గుమ్మం దగ్గర పెట్టి, మూత బిగించాడు.

"సలాం సిస్టరమ్మా, బాగుండారా?" అన్నాడు ఖాసిం వలి లోపలికొస్తూ.

"చెప్పులు బయట విప్పేవా?" అంది కేథరిన్.

విప్పాడు. ఆ సంగతి ఆమెకి కనపడుతూనే ఉంది. అతను ఏమీ అనుకోనట్టే నవ్వి, ఖాళీ తొట్టికి ఒక చివర పట్టుకున్నాడు. "సారూ, మెల్లగా. అద్దం పగిలితే మీ ప్రాణం పోతాది, నాకు తెల్సు" అన్నాడు. ఇద్దరూ తొట్టిని బిడ్డని మోసినట్టు మోసుకుంటూ మెట్లు దిగారు. కేథరిన్ వాళ్ళ వెనకాలే తడి తుడిచేసింది.

పని మొదలైంది. టైల్స్ కోసే యంత్రం రొద, సిమెంటు దుమ్ము, పనివాళ్ళ కేకలు. దేవసహాయం ఆఫీసు నుంచి తిన్నగా ఖాసిం వలి ఇంటికి వెళ్ళి, చేపల్ని చూసుకుని వచ్చేవాడు. మొదట్లో చీకటి పడేలోపే వచ్చేసేవాడు. తర్వాత్తర్వాత భోజనాల వేళకి వస్తుండేవాడు. ఆపైన "తిని వచ్చేను" అనడం మొదలుపెట్టాడు.

"ఏం తిన్నారో? డ్రైవరుగారి విందు!" అనేది కేథరిన్.

"రాగిసంగటి, కోడి పులుసు" అనేవాడు. ఆ కూర రుచి గురించి ఇంకేదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయేవాడు.

ఇంటి పని పూర్తయిన రోజు సాయంత్రం దేవసహాయం ఉత్సాహంగా వచ్చాడు. కొత్త టైల్స్ మీద దీపాల వెలుగు మెరుస్తోంది. గోడలకి లేత గోధుమ రంగు. చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, ఒక్కసారిగా ఆగిపోయాడు. ఆక్వేరియం ఉండే గోడకి నేల నుంచి పైకప్పు దాకా అద్దాల షోకేసు బిగించి ఉంది. అందులో పింగాణీ సామాను, క్రిస్టీనా బహుమతులు వరసగా పేర్చి ఉన్నాయి.

"మరి... ఆక్వేరియం ఎక్కడ పెడతాం?"

"ఇంకెక్కడ పెడతారు? వాళ్ళకే ఉంచేయమనండి. డ్రైవరు గదికి కాస్త అందం వస్తుంది."

"పని అయ్యేదాకానే అన్నాం కదా కేథరిన్."

"అన్నది తమరు. నేను ఊఁ అన్నానా? పని మొదలెట్టకముందే వడ్రంగికి కొలతలిచ్చేశాను." ఆమె షోకేసు అద్దం మీద వేలిముద్ర ఒకటి చూసి కొంగుతో తుడిచింది. "ఎందుకండీ ఆ బాధ? చేపలకి ఎక్కడైతే ఏంటి? ఎక్కడున్నా నోరు తెరవడం, మూయడం. తమరిలాగే."

క్రిస్టీనా నవ్వింది. ఈసారి దేవసహాయం కూతురి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ పిల్ల చూపు తిప్పుకుంది. అతను లోపలికెళ్ళి రెండు లుంగీలు, చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను సంచిలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"తొట్టిలో నీళ్ళు మార్చాలి. కొన్నాళ్ళు అక్కడే ఉంటాను" అన్నాడు.

"శుభం. ఆ చేపలు తమరికి జీతం ఇస్తాయేమో అడగండి."

తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు. ఆకలేస్తే తనే వస్తాడులే ఈ పెద్దమనిషి అనుకుంది కేథరిన్. రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తి, "బాగున్నాను. మీరు తిన్నారా?" అని మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద ఆమెకి ఒళ్ళు మండించింది. కూడిక దగ్గర పడుతోంది. ఇంటాయన లేకుండా పాస్టరుగారికి ఏం చెప్పాలి? మేట్రన్ ఏమనుకుంటుంది?

శుక్రవారం చర్చి నుంచి తిన్నగా ఖాసిం వలి ఉండే ఇంటికి వెళ్ళింది. పెద్ద భవనం పక్క సందులోంచి వెనక్కి వెళ్తే, గోడ వారగా రెండు గదులు. ఎడమచేతి గది తలుపు తీసే ఉంది. లోపల్నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

అందులో ఒక నవ్వు దేవసహాయానిది. కేథరిన్ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. ఈ మనిషి ఇంత గట్టిగా నవ్వగలడా?

కింద చాప పరిచి ఉంది. అతను మధ్యలో కూర్చుని, రాజోలు బడిలో తనిఖీకి వచ్చిన అధికారి బల్ల విరిగి కింద పడిన కథ చేతులు ఊపుతూ చెప్తున్నాడు. ఖాసిం వలి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆసియా బీ గరిటె చేతిలో పట్టుకుని, వడ్డించడం మరిచిపోయి వింటోంది.

"అబ్బో! దర్బారు జోరుగా సాగుతోందే!" అంది కేథరిన్.

నవ్వులు ఆగిపోయాయి. ఖాసిం వలి గబుక్కున లేచి నిలబడ్డాడు. "రాండి సిస్టరమ్మా."

"కూకో అక్కా, అన్నం తింటాండాం. నువ్వూ రెండు ముద్దలు తిను" అంది ఆసియా బీ చాప మీద చోటు చేస్తూ.

"నేను తినడానికి రాలేదు. ఈ మహానుభావుణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చాను." కేథరిన్ గదంతా కలయజూసింది. సున్నం రాలిన గోడ, మడత మంచం, మూలన ఇటుకల మీద ఆక్వేరియం. "పెళ్ళాం కొత్త ఇల్లు చేయిస్తే తమరికి ఇది నచ్చిందా? పనివాళ్ళ గదిలో, పనివాళ్ళ తిండి తింటూ... సిగ్గనిపించట్లేదూ?"

ఆసియా బీ చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. "మా తిండికేమైందక్కా?" అంది చిన్న గొంతుతో. "మేం కష్టపడి తింటాండాం. అన్నకూ అదే పెడ్తాండాం."

"నువ్వు మధ్యలో రాకు."

"కేథరిన్." దేవసహాయం లేచాడు. గొంతు పెంచలేదు. "నన్నేమైనా అను. వాళ్ళనకు."

"అంటే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? ఏమీ చెయ్యను. అది నీకు తెలుసు, అందుకే అంటావు." అతను చాప వైపు చెయ్యి చూపించాడు. "ఇక్కడ నేను మాట్లాడితే వింటారు. నేను చెప్పేవి గొప్ప సంగతులేం కాదు. అయినా వింటారు. నువ్వు నన్ను తిట్టినా బాగుండును కేథరిన్. తిడితే తిరిగి ఒక మాటైనా అనొచ్చు. నువ్వు నవ్వుతావు. నవ్వేవాళ్ళకి ఏం చెప్పను? నువ్వొక్కదానివే నవ్వినన్నాళ్ళూ ఓర్చుకున్నాను. ఇప్పుడు పిల్ల కూడా నవ్వుతోంది."

కేథరిన్ ఏదో అనబోయింది. 'తమరు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. వెనక్కి తిరిగి గబగబా సందులోంచి బయటికి నడిచింది.

ఇంట్లో క్రిస్టీనా సోఫాలో పడుకుని పుస్తకం తిరగేస్తోంది.

"డాడీ వచ్చేరా?"

"రాలేదు. ఆయనకి అక్కడే బాగుందట. కూడికకి ఎవరెవరిని పిలిచామో ఒకసారి చూడు. మీ డాడీ లేకపోయినా..."

"తమరే చూసుకోండి మమ్మీ" అంది క్రిస్టీనా పుస్తకంలోంచి తలెత్తకుండా. "డాడీని తమరే కదా తరిమేశారు. షోకేసు వచ్చిందిగా, అందరికీ అదే చూపించండి."

మాటలో కోపం లేదు. ఏడుపూ లేదు. ఎదుటిమనిషి ఎందుకూ పనికిరాదని తేల్చేసిన తేలికదనం మాత్రం ఉంది. ఆ గొంతు ఎక్కడిదో కేథరిన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అలా మాట్లాడకు క్రిస్టీనా."

"ఎలా?" అంది ఆ పిల్ల. నిజంగానే అర్థంకానట్టు చూసింది. "మనింట్లో అలాగే మాట్లాడతాం కదా."

కేథరిన్ మెరిసే నేల మీద నెమ్మదిగా కూర్చుండిపోయింది. ఆసుపత్రిలో వార్డులో ఎవరైనా ఆయా ఒక రోగిని విసుక్కుంటే, పిలిచి చివాట్లు వేసే మనిషి తను. "మందు కంటే ముందు మాట" అని కొత్త నర్సులకి నేర్పిస్తుంది. ఇంటికొచ్చి మాత్రం చెప్పులతో పాటు ఆ మాటనీ గుమ్మం బయటే వదిలేసి వచ్చేది. ఉప్పెనలా దుఃఖం వచ్చింది. క్రిస్టీనా భయపడి పరుగున వచ్చి పక్కన కూర్చుంది. తల్లి ఏడవడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు.

"నీ తప్పు కాదే. నేనే నేర్పించాను" అంది కేథరిన్ వెక్కిళ్ళ మధ్య.

కూడిక వాయిదా వేస్తున్నానని పాస్టరుగారికి ఫోను చేసి చెప్పింది. కారణం అడిగితే, "మా ఇంటాయన ఇంట్లో లేరండి. ఆయన లేకుండా కృతజ్ఞతలేంటి?" అంది. మర్నాడు డ్యూటీ అయ్యాక ఇంటికి రాకుండా, యూనిఫాంతోనే ఆ సందులోకి వెళ్ళింది.

ఆసియా బీ గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కేథరిన్‌ని చూసి కత్తిపీట పక్కకి జరిపి లేచింది, కానీ ఈసారి కూర్చోమనలేదు. లోపల ఖాసిం వలి, దేవసహాయం ఆక్వేరియం మోటారు విప్పి శుభ్రం చేస్తున్నారు.

"చేపల్ని తీసుకెళ్ళడానికి వచ్చేవా?" అన్నాడు దేవసహాయం తల తిప్పకుండా.

"కాదండి. వాటికోసం రాలేదు."

ఆ 'అండి'లో వెటకారం లేకపోవడంతో అతను తలెత్తి చూశాడు. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నిన్న వీళ్ళ ముందు అన్నాను. అందుకే వీళ్ళ ముందే అడుగుతున్నాను" అంది కేథరిన్. "నన్ను క్షమించండి. పిల్ల ముందు మిమ్మల్ని చులకన చేశాను. ఇప్పుడు దానికి నేనూ చులకనే. ఎలా ఉంటుందో నిన్న తెలిసింది." ఆసియా బీ వైపు తిరిగింది. "నీ అన్నాన్ని కూడా మాటన్నాను. పెద్దదాన్ని, ఎలా అడగాలో తెలియట్లేదు. మనసులో పెట్టుకోకమ్మా."

ఆసియా బీ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఉల్లిపాయలో, మరేమిటో. "ఇండ్లన్నాక మాటలు వస్తాయిలే అక్కా" అంది.

దేవసహాయం తడి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

"షోకేసు తీయించేస్తాను. వడ్రంగిని రమ్మన్నాను" అంది ఆమె. "ఇంటికి రండి. మీరు లేకపోతే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోతున్నాం."

"చేపల్ని ఉన్నపళాన కదపకూడదు" అన్నాడు అతను. "అక్కడ ముందు నీళ్ళు సిద్ధం చేసుకోవాలి. అవి కుదురుకోవాలి. వారం పది రోజులు పడుతుంది."

"పట్టనివ్వండి. మీరు?"

అతను ఖాసిం వలి వైపు చూశాడు. ఖాసిం వలి చప్పుడు చెయ్యకుండా మోటారు భాగాలన్నీ గిన్నెలో వేసుకుంటున్నాడు.

"నేను అన్నం తిని వస్తాను. ఆసియా నాకోసం చేపల పులుసు పెడుతోంది."

ఖాసిం వలి ముందుగా నవ్వేశాడు. "సారు ఆ తొట్టి పక్కనే చాపల పులుసు తింటారేమో సిస్టరమ్మా, అడగండి!" ఆసియా బీ నవ్వింది. దేవసహాయం కూడా నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు. కేథరిన్ నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, చాప మీద భర్త పక్కన కూర్చుంది.

"నాక్కూడా పెట్టు ఆసియా" అంది. "క్రిస్టీనాకి కాస్త గిన్నెలో సర్దివ్వు."