గున్‌వోర్ ఒప్పుకోని నీలం

శుక్రవారం పొద్దున ఏడింటికి గున్‌వోర్ పొయ్యి మీద కాఫీ పెట్టి, వంటింటి ఉత్తరపు కిటికీ దగ్గర రెండు గుడ్డముక్కలు పక్కపక్కన పరిచింది. రెండూ నీలమే. బూరోస్ ఊళ్ళోని ఒక అద్దకం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆమె పని ఇదే: అద్దిన గుడ్డ నమూనాకి సరిపోయిందో లేదో చూసి చీటీ మీద సంతకం పెట్టడం. మిల్లులో తేలని రంగును ఇంటికి తెచ్చి ఈ కిటికీ దగ్గర చూడటం ఆమెకు అలవాటు. ఎండ తగలని వెలుగు అబద్ధమాడదని ఆమె నమ్మకం.

మొదటి ముక్క మిల్లులో ఎప్పట్నుంచో వాడుతున్న పాత నీలం. రెండోది ఆమె కూతురు సిగ్రిడ్ చేసిన రంగు. ఘాటైన ఆమ్లాలు లేకుండా, గోరువెచ్చని నీళ్ళలో ఎంజైములతో ఆ నీలాన్ని తయారుచెయ్యడానికి పిల్లకి నాలుగేళ్ళు పట్టింది. ఈ సాయంత్రంలోగా సంతకం పడితే, నర్సుల దుస్తులన్నీ ఇకమీదట ఆ రంగుతోనే అద్దుతారు. పడకపోతే మిల్లు యజమాని టోర్‌స్టెన్ పాత రంగుకే ఇంకో ఐదేళ్ళకు ఒప్పందం రాసుకుంటాడు.

సిగ్రిడ్ తడి జుట్టుతో వచ్చి కుర్చీ లాక్కుంది. ట్యూబులోంచి చేపగుడ్ల ముద్ద రొట్టె మీద పిండుకుంటూ, తల్లి మొహం చూడకుండా అడిగింది.

"చూశావా?"

"చూశాను."

"చూసి?"

"కలవలేదు. నీది కాస్త ఆకుపచ్చకి తిరిగింది."

రొట్టె పళ్ళెంలో పడింది. "రంగు కొలిచే మిషన్ రెండూ ఒకటేనంది కదమ్మా! మూడుసార్లు పెట్టి చూశాం."

"మిషన్ చొక్కా తొడుక్కోదు. మనుషులు తొడుక్కుంటారు."

"టోర్‌స్టెన్‌కీ ఒకటేగా కనిపించింది?"

"అతని మొహం. పెళ్ళాం ఇల్లంతా కొత్త రంగు వేయించినా వారం దాకా తెలియలేదు."

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. సిగ్రిడ్ లేచి నిలబడింది. "నేను కూతుర్ని కాకపోతే ఈపాటికి సంతకం పెట్టేదానివి. నలుగురూ ఏమంటారోనని నా గొంతు కోస్తున్నావు. నాన్నకి ఆ ఊపిరితిత్తుల జబ్బు ఎక్కడ పట్టుకుందో మర్చిపోయావా? ఆ పాత రంగు పొడి కలిపే గదిలోనే కదా! ఆ గది మూతపడాలని నీకు లేదా?"

"నీకంటే ఎక్కువే ఉంది. అందుకని అబద్ధం రాయనా?" గున్‌వోర్ గొంతు పెరిగింది. "చిన్నప్పట్నుంచీ నీదంతా తొందరే. సగం కుట్టి గౌను అయిపోయిందనేదానివి. ఇదీ అంతే. నీకు పని మీద కాదు, పేరు మీద ఆశ."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. సిగ్రిడ్ వాకిట్లోకి వెళ్ళి బూట్లు వెతుక్కుంది.

గున్‌వోర్‌కి దుఃఖం ఆగలేదు. కిటికీకేసి తిరిగి, ఏప్రాన్ అంచుతో కుడికన్ను అదిమి పట్టుకుంది. తెరిచి ఉన్న ఎడమకంటికి గుడ్డముక్కలు కనిపించాయి. రెండూ ఒకటే నీలం.

చెయ్యి తీసి, ఈసారి ఎడమకన్ను మూసింది. రెండో ముక్క ఆకుపచ్చకి తిరిగింది. బయట మంచు కూడా పాత కాగితంలా పసుపుపచ్చగా ఉంది. మళ్ళీ కుడికన్ను మూసింది. మంచు తెల్లబడింది, గుడ్డలు కలిసిపోయాయి. వెలుగు మారితే రంగులు విడిపోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది, కానీ ఇప్పుడు వెలుగు మారలేదు. శుక్లం పట్టిన కంటికి లోకం ఇలాగే ఉంటుందని ఆమె తల్లి చెప్పేది. అది తనకెప్పుడు పట్టిందో ఆమెకు తెలియనే లేదు.

"సిగ్రిడ్!"

ఆ పిలుపు విని, ఒక కాలికే బూటు తొడుక్కున్న సిగ్రిడ్ పరిగెత్తుకొచ్చింది.

"తప్పు నీ రంగులో లేదు తల్లీ. నా కుడికంట్లో ఉంది. శుక్లం."

సిగ్రిడ్ కోపం ఎటు పోయిందో పోయింది. "ఎప్పట్నుంచమ్మా?"

"తెలీదు. ఎన్ని మంచి గుడ్డలు తిప్పికొట్టానో తెలీదు. పాపం, కుర్రాళ్ళు మారుమాట్లాడకుండా మళ్ళీ అద్దుకొచ్చేవాళ్ళు. నేనంటే అంత నమ్మకం." కళ్ళు తుడుచుకుని ఆమె కలం అందుకుంది. "చీటీ ఇలా ఇవ్వు. ఎడమకన్ను బాగానే ఉంది. సంతకం పెట్టేస్తాను."

సిగ్రిడ్ బల్ల మీదున్న చీటీ మీద చెయ్యి వేసింది. "వద్దు."

"వద్దేంటే? నాలుగేళ్ళ కష్టం!"

"నువ్విప్పుడు కంటితో చూడట్లేదమ్మా, కన్నకడుపుతో చూస్తున్నావు. వేరేవాళ్ళు చూడనీ. టోర్‌స్టెన్‌ని నాలుగు రోజులు గడువడుగుదాం."

"ఇవ్వకపోతే?"

సిగ్రిడ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఐదేళ్ళు ఆగుతాను."

తొందర మనిషని తను తిట్టిన పిల్ల ఈ మాటంటోంది. గున్‌వోర్ కూతుర్ని దగ్గరికి లాక్కుని, తడి జుట్టులో మొహం దాచుకుని ఏడ్చింది. "అనకూడని మాటన్నానే. నన్ను క్షమించు."

"ఊరుకో అమ్మా. కాఫీ పొంగిపోయింది చూడు."

అరగంట తర్వాత మిల్లు ఆఫీసులో టోర్‌స్టెన్ చీటీ కోసం చెయ్యి చాపాడు. గున్‌వోర్ ఇవ్వలేదు.

"ముందు నా తప్పేంటో విను టోర్‌స్టెన్," అంది. "ఆ తర్వాత నా కూతురు పని సంగతి మాట్లాడదాం."