ఎదురుకాళ్ళ మహిమ

"బోర్లా పడుకోవే! పడుకుంటావా, జుట్టు పట్టి పడుకోబెట్టమంటావా?"

చలపతిరావు అరుపుకి మెస్సులో అన్నం కోసం కూర్చున్న కుర్రాళ్ళందరూ తలలు వంచుకున్నారు. వంటగదిలో అన్నం గుండిగ దొర్లిపోయి, పొగలు కక్కే అన్నం నేలంతా పరుచుకుంది. ఆ అన్నం పక్కనే ఒక చెయ్యి గోడకీ, ఒక చెయ్యి నడుముకీ ఆన్చి వంగినది వంగినట్టే ఉండిపోయింది స్వరాజ్యం! పైకి లేవలేదు, కిందికి కూర్చోలేదు... పొయ్యి మీంచి గుండిగ దించబోతుంటే నడుములో ఏదో కలుక్కుమంది. అంతే!

చలపతిరావు ఎదురుకాళ్ళతో పుట్టినవాడు. తల్లి కడుపులోంచి తల కాకుండా కాళ్ళు ముందు బయటికొచ్చినవాళ్ళు ఎడమకాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని వాళ్ళ గోదావరి వైపు నమ్మకం. అమీర్‌పేటకొచ్చి, మైత్రీవనం వెనక సందులో కంప్యూటర్ కోర్సుల పిల్లలకి మెస్సు పెట్టుకున్నా ఆ కాలి పేరు మాత్రం వెంటే వచ్చింది. ఆదివారం పొద్దున్నే నడుములు పట్టుకుని మనుషులు గడప ముందు నిలబడేవాళ్ళు. పరాయివాళ్ళనైతే బొటనవేలితో అలా తాకించి పంపేవాడు. పెళ్ళాన్ని మాత్రం తన్నేవాడు! పప్పు అడుగంటినా అదే కాలు, ఎదురు సమాధానం చెప్పినా అదే కాలు... పైగా "నీ నడుం కోసమేనే!" అనేవాడు. దెబ్బకి వైద్యమని పేరు పెడితే చాలు, లోకమంతా చేతులు కట్టుకుని చూస్తుంది!

"వదినగారూ, భయపడకండి. అన్నగారి కాలు తగిలితే లేడిపిల్లలా లేస్తారు," అన్నాడు పక్కవాటా బుచ్చిబాబు, తమాషా చూడ్డానికొచ్చినట్టు తలుపుకి చేరబడి.

"వద్దు నాన్నగారూ! డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం!" సంహిత తండ్రి చెయ్యి పట్టుకుంది. కంప్యూటర్ క్లాసు నుంచి అప్పుడే వచ్చింది ఆ పిల్ల.

"నోర్ముయ్! నువ్వూ ఎదురుకాళ్ళతో పుట్టినదానివే. నా తర్వాత ఈ గడపలో నిలబడాల్సింది నువ్వే. చూసి నేర్చుకో!"

స్వరాజ్యం అన్నం మెతుకుల్లోనే బోర్లా పడుకుంది. కాలు లేచింది... పడింది. మళ్ళీ లేచింది... మళ్ళీ పడింది! 'అమ్మా' అని కూడా అనలేదామె. అరిస్తే ఇంకొకటి పడుతుందని కాపురానికొచ్చిన కొత్తలోనే తెలుసుకుంది. పెదవి కొరుక్కుంటే నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది. ఆఖరి తన్నుకి నడుములోంచి మడమ దాకా నిప్పు కడ్డీ దూసుకుపోయినట్టయింది. తర్వాత... ఎడమకాలు ఎక్కడుందో ఆమెకి తెలియలేదు!

చలపతిరావు కేకలకి ఎదురింటి నూరున్నీసా పరుగెత్తుకొచ్చింది. "ఏం మనిషివయ్యా! ఆడమనిషిని గిట్ల తంతరా? జరుగుర్రి అందరు!" అని తన కూతురు అల్ఫియాని కేకేసింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే పిల్ల అల్ఫియా. స్వరాజ్యాన్ని చెక్క మీద కదలకుండా పడుకోబెట్టించి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"జారిపడ్డాను," అంది స్వరాజ్యం డాక్టరుతో. నడుం మీద మడమ ముద్ర నల్లగా కమిలి ఉంది. డాక్టరు ఆ ముద్ర చూశాడు, ఆమె మొహం చూశాడు.

"ఎముక విరగలేదమ్మా. నరం నలిగింది. ఇంకోసారి ఇలా... జారిపడితే, ఈ కాలు ఇక మీ మాట వినదు. మూత్రం అదుపు తప్పినా, తిమ్మిరి పెరిగినా వెంటనే రావాలి. నొప్పి తగ్గాక నడుం చుట్టూ కండ గట్టిపడాలి. అదే మీకు అసలు మందు."

నడక వచ్చాక, మధ్యాహ్నం వడ్డనలయ్యి చలపతిరావు కునుకు తీసేవేళ స్వరాజ్యం ఎదురింటికి వెళ్ళేది. నూరున్నీసా చాప పరిచేది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు ముడిచి, పొట్ట కొద్దిగా బిగించి, ఊపిరి వదులుతూ నడుం కింది భాగం మెల్లగా పైకి లేపడం... మెల్లగా దించడం. తర్వాత చేతుల మీదా మోకాళ్ళ మీదా నిలబడి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాచడం. చూడ్డానికి చంటిపిల్లల ఆటలా ఉంది. చేస్తే వేళ్ళు వణికాయి!

ఒకరోజు స్వరాజ్యం పళ్ళు బిగించి, కాలు ఇంకా పైకి, ఇంకా పైకి లేపుతోంది. నుదుటి మీద చెమటలు ధారకట్టాయి.

"ఆంటీ, నొప్పి లేస్తుందా?"

"లేదమ్మా."

"అబద్ధం! కాలికి దిగింది కదా? దించుర్రి!" అల్ఫియా చెయ్యి వేసి కిందికి దించింది. "ఓర్చుకునుడు కాదు ఆంటీ ఇది. కండ అలసిపోతే ఫికర్ లేదు. కాలికి గుంజితే ఆపాలె. మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది? నొప్పైతే నొప్పి అని నోరిడిచి చెప్పుర్రి."

"అక్కకి నోరు లేదనుకుంటున్నవా? కూరగాయలాయనతోని కొట్లాడేటప్పుడు చూడాలె నువ్వు!" అంది నూరున్నీసా. ముగ్గురూ పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే స్వరాజ్యం మొహం వంకర్లు పోయింది.

"నొప్పి..." అంది. ఆ మాట బయటికి రావడంతోనే ఇన్నేళ్ళూ గొంతులో కుక్కుకున్నదంతా తన్నుకొచ్చింది. "నొప్పమ్మా... నొప్పి... చాలా నొప్పి!" అని చాప మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. తల్లీకూతుళ్ళు ఆమెని ఏడవనిచ్చారు.

ఎండలు ముదిరేసరికి స్వరాజ్యం నడుం నిలబడింది. గుండిగ అటకెక్కింది. అన్నం చిన్నగిన్నెల్లో వండి, నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, గిన్నెని పొట్టకి దగ్గరగా పెట్టుకుని లేచేది. అది చూసి సంహిత కళ్ళు మెరిసేవి. ఒకరి కళ్ళు మాత్రం మండేవి!

ఆదివారం పొద్దున్న గడప ముందు నడుం నొప్పులవాళ్ళు నిలబడి ఉండగా బుచ్చిబాబు నవ్వాడు. "ఏంటన్నగారూ, వదినగారి నడుం ఎదురింటి చాప మీద బాగుపడిందట కదా! మరి మీ కాలి సంగతేంటి?"

ఇద్దరు కిసుక్కుమన్నారు. చలపతిరావు మొహం కందగడ్డయింది. అంతే, ఎదురింట్లోకి దూసుకుపోయాడు! ఆదివారం అల్ఫియాకి సెలవని పొద్దున్నే వెళ్ళి చాప మీదున్న స్వరాజ్యాన్ని జుట్టు పట్టి లేపాడు. అడ్డొచ్చిన నూరున్నీసాని ఒక్క తోపు తోస్తే ఆమె తల గోడకి తగిలి కనుబొమ్మ చిట్లింది. "అమ్మీ!" అని అల్ఫియా అరిచింది. సందంతా చూస్తుండగా పెళ్ళాన్ని ఈడ్చుకొచ్చి తన గడపలో పడేశాడు.

"పడుకో! నా కాలు గొప్పో, ఆ చాప గొప్పో అందరూ చూడాలి!"

స్వరాజ్యం మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచింది. పాదాలు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడింది. జుట్టు విడిపోయి ఉంది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

"పడుకోను. మీరు తంతే నాకు నొప్పండీ. ఆపండి!"

కాపురానికొచ్చాక ఆ నోట మొదటిసారి విన్న మాట అది! చలపతిరావు పిచ్చెత్తినట్టు కాలెత్తి విసిరాడు. ఏళ్ళ తరబడి మాట వినని నడుము ఆ క్షణాన విన్నది... స్వరాజ్యం పక్కకి తిరిగింది. ఆ కాలు వెళ్ళి గడప పక్కనున్న ఇనప పొయ్యికి ఫెడీమని తగిలింది! మనిషి గిరుక్కున తిరిగి గడప అంచు మీద వెల్లకిలా పడ్డాడు. నడుములో ఏదో పటుక్కుమంది. సందు సందంతా దద్దరిల్లేలా అరిచాడు.

ఎవరూ ముందుకు రాలేదు. బుచ్చిబాబుకే ఒక ఆలోచన తట్టింది.

"సంహితమ్మా! నువ్వూ ఎదురుకాళ్ళ పిల్లవే కదా! నాన్నగారి నడుం పట్టేసింది. ఓ తన్ను తన్ను తల్లీ!"

సంహిత వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఆ పిల్ల మొహం చూసి బుచ్చిబాబే వెనక్కి తగ్గాడు. ఎడమకాలు మెల్లగా పైకి లేచింది.

"ఎక్కడ తన్నమంటారు నాన్నగారూ? రోజూ అమ్మని తన్నినచోటేనా? చూసి నేర్చుకోమన్నారుగా... నేర్చుకున్నాను!"

"వద్దు తల్లీ... నొప్పి... నొప్పే! చచ్చిపోతాను! స్వరాజ్యం, చెప్పవే దానికి!" పిల్లాడిలా ఏడ్చాడు చలపతిరావు.

స్వరాజ్యం గుండె కోసేసినట్టయింది. తన్నితే బాగుండునని ఒక్క క్షణం ఆ తల్లికి అనిపించకపోలేదు! కానీ వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి పాదాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"దించమ్మా. నొప్పి అన్నవాళ్ళని ఈ ఇంట్లో ఇక ఎవరూ తన్నకూడదు." మొగుడి వైపు తిరిగింది. "ఈ కాలు మహిమ, మీ కాలు మహిమ అందరికీ కావాలి. ఈ కాలు ముందు బయటికొచ్చిన రోజు నేను రెండు పగళ్ళు చచ్చి బతికానండీ! నా నడుం విరిగింది ఆ రోజే. మిమ్మల్ని కన్న మీ అమ్మగారు పోయేదాకా గోడ పట్టుకునే నడిచారు. అలాంటి నడుం మీదే తన్నారు మీరు..."

చలపతిరావు చేత్తో కళ్ళు మూసుకున్నాడు.

కనుబొమ్మ మీద గుడ్డ అదుముకుంటూ నూరున్నీసా, ఆ వెనకే అల్ఫియా వచ్చారు. "కదిలియ్యకుర్రి ఎవ్వరు. చెక్క తెండి," అంది అల్ఫియా. తల్లి నెత్తురు కూతురి చున్నీకి అంటి ఉంది.

నూరున్నీసా ఆ గడప మళ్ళీ తొక్కలేదు. చాప మాత్రం ఇచ్చి పంపింది. ఆదివారాలు వచ్చే నడుములవాళ్ళని సంహిత గుమ్మంలోంచే పంజాగుట్ట ఆసుపత్రికి పంపేసేది. చలపతిరావు ఎడమకాలు పంచె కిందికి లాక్కుని మొహం తిప్పుకునేవాడు.

డాక్టరు సరేనన్నాక అతనికీ వ్యాయామం మొదలైంది. చూపించాల్సింది స్వరాజ్యమే. ఆమె చాప మీద పడుకుని, మోకాళ్ళు ముడిచి, ఊపిరి వదులుతూ నడుం లేపింది. పక్కన బొంత మీద పడుకున్న మనిషి చాలాసేపు ఆమెనే చూశాడు.

"స్వరాజ్యం... నొప్పిగా ఉందా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు. ఆమె కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. నడుం మాత్రం దించలేదు... ఊపిరి పూర్తిగా అయ్యేదాకా అలాగే నిలబెట్టి ఉంచింది.