పసరులో కలిపిన బిళ్ళ

“నా కొడుకును పొట్టన పెట్టుకుంటావేమే! పథ్యంలో ఉప్పేసినావు, అందుకే కామెర్లు ముదిరినాయి!”

అత్త మగ్దలీనమ్మ వీధి వీధంతా వినపడేటట్టు అరుస్తుంటే సువార్తమ్మ గుండె చెరువయింది. ఉప్పా! తానా! మార్కాపురం పలకల గనిలో రాళ్లు కొట్టే మొగుడికి కళ్లు పచ్చబడ్డ నాటినుంచి చప్పిడి మెతుకులు తప్ప మరొకటి పెట్టిన పాపాన పోలేదే! ఎంత మొత్తుకున్నా వింటేగా! ఆ పూటనుంచి కోడల్ని పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు మగ్దలీనమ్మ. నేలఉసిరి పసరు నూరడం, మజ్జిగలో కలిపి తాగించడం అంతా తానే చూసుకుంది. పన్నెండు రోజులు తాగినా కృపాకర్ కళ్ల పచ్చదనం పెరిగిందే గాని తగ్గలేదు... చివరికి తెలివి తప్పి ఏదేదో మాట్లాడుతుంటే బండి కట్టించి మిషను ఆసుపత్రికి చేర్చారు.

డాక్టరమ్మ కడుపు నొక్కి చూసింది. “జబ్బుకు ముందు ఏమైనా మందులు మింగాడా?”

“మోకాళ్ల నొప్పులకు మదరాసు బిళ్ళలు మింగినాడమ్మా. కామెర్లు రాంగానే కడుపులో తిప్పుతుందని మానేసినాడు,” అంది సువార్తమ్మ.

“మానలేదు...” అత్త గొంతు పీలగా వినిపించింది. “నొప్పి తిరగబెడితే గనిలోకి దిగలేడని... నేనే పసరులో నూరి పోసినాను. దినానికి రెండు...”

“ఎంత పని చేశావమ్మా! వాడి కార్జాన్ని తినేసింది ఆ బిళ్ళలే! కళ్లు పచ్చబడ్డ రోజే ఆపి ఉంటే కోలుకునేవాడేమో. దీనికి విరుగుడు మందు లేదు. గ్లూకోజు ఎక్కిస్తాను, ఆపైన దేవుడి దయ.”

వసారాలోకి రాగానే మగ్దలీనమ్మ కోడలి కాళ్ల మీద పడింది. “వానికి చెప్పొద్దు నా తల్లీ! అమ్మే ఇట్ల చేసిందని తెలిస్తే వాని ప్రాణం నెమ్మదిగా పోదు...”

మర్నాడు కృపాకర్‌కు కాస్త తెలివి వచ్చింది. భార్య చెయ్యి పట్టుకున్నాడు. “నిజం చెప్పు సువార్తా... ఉప్పేసినావా?”

అత్త కొంగు నోట్లో కుక్కుకొని తలుపు దగ్గర నిలబడి ఉంది.

“వేసినానయ్యా! చప్పిడి మింగలేక నువ్వు పడే అవస్థ చూడలేక... చిటికెడు వేసినాను!”

అతను చెయ్యి వదిలేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. రెండో రోజు సాయంత్రం కన్నుమూశాడు.

సమాధుల దొడ్డిలో ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టారు. “మొగుణ్ణి మింగి మళ్లీ ఏడుపొకటి!” సువార్తమ్మ అత్తవైపు తిరిగింది. ఇంకా ఎవరికోసం దాచాలి? వినడానికి ఆమె కొడుకు లేడు కదా! ఇప్పుడైనా అత్త నోరు విప్పుతుందని, పెట్టె దింపినంతసేపూ, మన్ను పూడ్చినంతసేపూ ఆమె ముఖమే చూస్తూ నిలబడింది. మగ్దలీనమ్మ అందరితోపాటు పిడికెడు మన్ను వేసి, కోడలివైపు చూడకుండా ఇంటిదారి పట్టింది.