దిలీప్ గారి ఫసాడ్

"ఎవరిదండీ ఈ బుట్ట?"

కాశీబుగ్గ వెళ్లే బస్సంతా ఒక్కసారి తలలు తిప్పింది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో లావుపాటి డిక్షనరీ, దాని మీద పై అరలోని బుట్టలోంచి టపటపా చేపల నీళ్లు. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి. కోపంతో ఇంకా పెద్దవయ్యాయి.

ఆ బుట్టను ఒక చేత్తో పట్టుకుని, ఆ కళ్లనే చూస్తూ నిలబడ్డాడు దిలీప్. వజ్రపుకొత్తూరులో బస్సెక్కినప్పటి నుంచీ అతను చేసిన పని అదొక్కటే.

"మీదేనా?"

"అబ్బే! నాది కాదండీ. మాది జీడిపప్పు బిజినెస్సు."

ఆ మాట ఎక్కణ్నుంచి ఊడిపడిందో అతనికే తెలీదు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వల్ల వచ్చుంటుంది.

"మరి దాన్నెందుకు పట్టుకున్నారు?"

"మీ మీద పడిపోతాదేమోనని... సోషల్ సర్వీసు."

"ఎవరిదో తెలుసా?"

"తెలీదండీ."

వెనక సీట్లో కూర్చున్న కాసులమ్మ, తన కొడుకు దిలీప్ మొహం చూసింది, అమ్మాయి మొహం చూసింది, ఉన్న సంగతి గ్రహించేసింది.

"నాదేనమ్మా, తప్పయిపోనాది. ఆ బాబెవులో గాని మంచోడు, పట్టుకున్నాడు" అని, నవ్వాపుకోలేక మూతికి చెంగు అడ్డం పెట్టుకుంది.

దిలీప్‌కి బస్సులోంచి దూకేద్దామనిపించింది. దూకితే చొక్కా నలుగుతుందని ఆగాడు.

అరగంట తర్వాత, పురుషోత్తం మాస్టారింటి ముందుగదిలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరదామని వెళ్తే, టేబుల్ ఫ్యాన్ ముందు తడిసిన డిక్షనరీ ఆరబెడుతున్న టీచరు ఆ అమ్మాయే. మాస్టారి కూతురు నాగసుధ.

"రండి, సోషల్ సర్వీస్ గారూ" అంది.

అయిపోయింది మన దిలీప్ పని. ఆ రోజే పడిపోయాడు.

మూడు నెలల్లో అతనికి ఇంగ్లీషు ఎంత వచ్చిందో గానీ, లేని జీడిపప్పు ఫ్యాక్టరీ మాత్రం బ్రహ్మాండంగా పెరిగింది. మొదటివారం నలుగురున్న పనివాళ్లు దసరా నాటికి నలభైమందయ్యారు. నాగసుధ అడగడం, ఇతను చెప్పడం. అడిగేటప్పుడు ఆమె పెదాల చివర ఏదో నవ్వు నక్కి ఉండేది. అది ప్రేమేనని దిలీప్ నమ్మకం.

భయమల్లా మాస్టారితోనే. ఆయన మాంసం, చేప మానేసి రెండేళ్లయిందని కాశీబుగ్గలో తెలియనివాళ్లు లేరు. వరండాలో పడక్కుర్చీ వేసుకుని దారినపోయేవాళ్లకి కూడా శాకాహారం మీద పాఠం చెప్పేవారు. "చేప వాసన ఆమడ దూరం నుంచి పట్టేస్తానయ్యా" అని ఆయన అన్న రోజునుంచి దిలీప్ సెంటు వాడకం రెండింతలైంది.

బ్యాచి చివరివారంలో ఆయనే బాంబు పేల్చారు.

"ఏమయ్యా దిలీప్, ఆదివారం మేం ముగ్గురం మీ ఫ్యాక్టరీ చూడ్డానికొస్తున్నాం. మా ఆవిడ సూర్యకుమారి మీ నాన్నగారితో కూడా మాట్లాడదామంటోంది."

మాట్లాడ్డం అంటే ఏం మాట్లాడ్డమో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ఎగిరి గంతెయ్యాల్సిన వార్త. ఫ్యాక్టరీ ఒక్కటీ ఉంటే వేసేవాడే.

పరుగున పలాసలో జీడిబట్టీలో పనిచేసే బైరాగి దగ్గరకెళ్లాడు.

"మావా, ఒక్క పూటకి నన్ను జీడోడిలాగ కనపడేటట్టు సెయ్యరా."

"నీ సేతులు సూస్తే సాలు, దొరికిపోతావు. తాడు లాగిన సేతులవి. జీడి పనోల సేతులు నల్లగుంతాయి."

అంతే! బైరాగి టీ పట్టుకొచ్చేలోపు మనవాడు పచ్చి జీడిపిక్కల తొక్కల్లోంచి కారిన చమురు రెండు చేతులకీ పట్టించేశాడు. చెమట పడితే అదే చేత్తో మొహం కూడా తుడుచుకున్నాడు.

బైరాగి గ్లాసు వదిలేశాడు. "ఓరి నీ దుంప తెగ! నలుపు పనోలకి గాని సావుకారికి ఎందుకుంతాదిరా? అది ఒళ్లు కాల్చీద్దిరా!"

తెల్లారేసరికి మొహం పొంగి బూరె అయింది. కళ్లున్నచోట రెండు గీతలు మిగిలాయి.

కాసులమ్మ కొబ్బరినూనె రాస్తూ నవ్వింది, తిట్టింది, మళ్లీ నవ్వింది. చివరికి చెయ్యి ఆపింది.

"ఆ పిల్లకి నిజం సెప్పీ బాబూ. ఆరోజు బస్సులో నువ్వన్నదానికి నానేటి బాధపడనేదు. నీకే ఉన్నాది బాధ. మూడు నెల్లనుంచి బుట్ట ఎత్తినప్పుడల్లా నా మొకం సూడకుండా ఎత్తుతన్నావు."

పొంగిన కళ్లలోంచి కూడా నీళ్లు వస్తాయని దిలీప్‌కి అప్పుడే తెలిసింది.

శనివారం ఆఖరి క్లాసు. బయట వాన దంచేస్తోంది. నల్ల కళ్లద్దాలు, మొహానికి చేతిరుమాలు కట్టుకుని దిలీప్ లోపలికి అడుగుపెట్టగానే, ముందు బెంచీ భాగ్యలక్ష్మి కెవ్వుమంది.

"దొంగోడనుకున్నానండీ బాబూ!"

ఆ రోజు ఒక్కొక్కరికీ ఒక్కో ఇంగ్లీషు మాట రాసిన చీటీ. దాని అర్థం చెప్పి, సొంత జీవితంలోంచి వాక్యాలు చెప్పాలి. అందరి చీటీలూ డబ్బాలోంచి వచ్చాయి. దిలీప్ చీటీ మాత్రం నాగసుధ రిజిస్టరులోంచి తీసిచ్చింది. అందులో 'ఫసాడ్' అని ఉంది.

"మీకు తెలియకపోతే నేను చెప్తాను" అని బోర్డు దగ్గరకెళ్లింది. "ఫసాడ్ అంటే భవనానికి ముందువైపు. రోడ్డు మీదికి కనపడే గోడ. అది తప్పు మాటేం కాదు. మనిషికి వాడితేనే తేడా. లోపల ఒకటి పెట్టుకుని బయటికి ఇంకొకటి చూపిస్తే, ఆ చూపించేది ఫసాడ్. ధైర్యం ఫసాడ్ కావచ్చు, నవ్వు ఫసాడ్ కావచ్చు. ఇప్పుడు మీరు వాడండి, దిలీప్ గారూ."

దిలీప్ లేచాడు. రుమాలు విప్పాడు. కళ్లద్దాలు తీశాడు. క్లాసు మొత్తం "అమ్మో!" అని, గొల్లుమని నవ్వింది. ఒక్క నాగసుధ మాత్రం నవ్వలేదు.

"మై మదర్ సెల్స్ ఫిష్" అన్నాడు. "ఇన్ ద బస్, యూ ఆస్క్‌డ్. ఐ సెడ్, ఐ డోంట్ నో హర్. దట్ ఈజ్ మై ఫసాడ్. నో ఫ్యాక్టరీ. వన్ బోట్. హాఫ్ బోట్ ఈజ్ మై అంకుల్స్." ఇక ఇంగ్లీషు అయిపోయింది. "మీరు నన్ను సూసి నవ్వుతారని అలగన్నానండి. మా అమ్మని తెలీదన్నాను. అంతకంటే సిగ్గుమాలిన పని నాను సెయ్యలేదు."

మూడు నెలల్లో అతను ఒక్క తప్పు లేకుండా చెప్పింది ఈ తెలుగు ముక్కలే.

గుమ్మంలో పురుషోత్తం మాస్టారు! మొత్తం విన్నారు. మొహం ఎర్రబడింది.

"మోసం! పచ్చి మోసం! మా ఇంట్లో అడుగుపెట్టి, చేపల వాసనకు సెంటు కొట్టి... ఇలాంటి రెండు నాలుకల మనిషిని నేను..."

సరిగ్గా అప్పుడే పెరటి గుమ్మం వైపునుంచి, వానను మించిన గొంతొకటి వినిపించింది.

"మాస్టారూ! సందువ సేపలు తెచ్చినానండి! అమ్మగారు గుడికెల్లిపోనారా? దానయ్య ఓటేలుకి ఏపుడుకి నానిచ్చీనా, తమరే అట్టుకెల్తారా, ప్రతీ శనివారంలాగ?"

మాస్టారి వేలు పైకెత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

వంటింట్లోంచి సూర్యకుమారి నెమ్మదిగా బయటికొచ్చింది. వానకి ఆవిడ ఆవేళ గుడికి వెళ్లలేదు.

"ఏమండీ, శనివారం సాయంత్రాలు మీరు వెళ్లే లైబ్రరీ ఇదేనా?"

"అది... సూర్యం... డాక్టరుగారు..."

"డాడీ, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అంది నాగసుధ.

క్లాసు పదిమందీ ఒక్క గొంతుతో అరిచారు, "ఫసాడ్!"

మాస్టారు పడక్కుర్చీలో కూలబడ్డారు. భార్య వైపు దొంగచూపు చూసి, "సందువలంటే... తాజావేనా?" అన్నారు నీరసంగా. సూర్యకుమారికి కోపం రావాల్సింది, ఫక్కున నవ్వొచ్చేసింది.

అది అమ్మ గొంతని గుర్తుపట్టి దిలీప్ అప్పటికే పెరటిలోకి పరిగెత్తాడు. అతని వెనకే నాగసుధ. కాసులమ్మ చూరు కింద తడుస్తూ నిలబడి ఉంది.

"మీకు కోపం రాలేదేటండీ?" అన్నాడు వెనక్కి తిరిగి.

"వచ్చింది. మూడు నెలల క్రితమే. ఆ రోజు బస్సు దిగాక మీరు బుట్ట ఎత్తి ఈవిడ తలమీద పెట్టి, చెంగు సర్దారు. కిటికీలోంచి చూశాను. ఎవరో తెలియని మనిషికి ఎవరూ చెంగు సర్దరండీ."

"మరి తెలిసీ... ఇన్నాళ్లూ..."

"మీకు చేపలున్నాయో జీడిపప్పుందో నాకెందుకు? అమ్మ ఉందని ఎప్పుడు చెప్తారా అని చూశాను. రోజూ ఫ్యాక్టరీ గురించి అడిగింది అందుకే. మీరేమో పనివాళ్లని పెంచుకుంటూ పోయారు!"

దిలీప్ బూరె మొహం ఇంకాస్త ఎర్రబడింది. నాగసుధ వానలోకి ఒక అడుగు వేసి, ఆ రోజు బస్సులో అడిగినంత గట్టిగా అడిగింది.

"ఎవరిదండీ ఈ బుట్ట?"

"మా అమ్మది!" అన్నాడు దిలీప్, వీధి చివరికి వినబడేలా. కాసులమ్మ ఈసారి చెంగు మూతికి కాదు, కళ్లకి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఒక పక్క నేను పట్టుకుంటాను. ఆదివారం మీ సగం పడవ చూడ్డానికి ఎన్ని గంటలకి రమ్మంటారు?" అని నాగసుధ బుట్ట అంచు పట్టుకుంది. చేపల నీళ్లు ఆమె చున్నీ మీద పడ్డాయి. ఆమె పట్టు వదల్లేదు.