ఓర్పు చుక్కలు

2087 నాటి విశాఖలో పొద్దున్నే పళ్లు తోముకున్నాక ముక్కులో ఓర్పు చుక్కలు వేసుకోవడం మామూలైపోయింది. ఆఫీసులో పైవాళ్ల మీద అరిస్తే ఉద్యోగం ఊడుతుంది మరి. ఇంటికి తిరిగొచ్చే వేళకి మందు దిగిపోయేది. ఇంట్లోవాళ్ల మీద అరిస్తే ఏ ఉద్యోగమూ ఊడదు కదా.

ఆ చుక్కల్ని కనిపెట్టిన జీవశాస్త్రవేత్త హిమజ. ఆమె భర్త ప్రణీత్ పగలంతా పెద్దమనిషి. సాయంత్రం కాఫీ చల్లారితే కప్పు గోడకి విసిరికొట్టేవాడు.

చుక్కల్లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ. అది ఒంటిపేట దారం. దాని చక్కెరలో అదనంగా ఉన్న ఒక ఆక్సిజన్ వల్ల తొందరగా తెగిపోతుంది. పని కాగానే కణం కూడా దాన్ని ముక్కలు చేసి పారేస్తుంది. డీఎన్‌ఏ అలా కాదు. రెండు పేటలు, ఆ ఆక్సిజన్ లేని గట్టి చక్కెర, ఆర్‌ఎన్‌ఏలో యురాసిల్ అనే అక్షరం ఉండే చోట థైమిన్. కణకేంద్రంలో భద్రంగా కూర్చుని ఆర్‌ఎన్‌ఏ నకళ్లు తీయించే అసలు ప్రతి అదే. ఓర్పుని ఆ అసలు ప్రతిలోనే కలిపి కుట్టేసే సూదిమందుని హిమజ ఏళ్ల తరబడి కష్టపడి తయారుచేసింది. 'జన్యుకుట్టు' అని పేరు పెట్టింది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం ఉంటుంది.

లోకం బాగుపడాలని చేశానని సభల్లో చెప్పేది. నిజానికి చేసింది ప్రణీత్ కోసం. అతను వేయించుకుంటే తను ఈ ఇంట్లో ఉండాలని, లేకపోతే వెళ్లిపోవాలని మనసులో గట్టిగా అనుకుంది.

ఆ సాయంత్రం సూదిమందు అతని ముందు పెట్టింది.

"ఇది వేయించుకోండి. ఇక రోజూ చుక్కలక్కర్లేదు."

"మళ్లీ దిగిపోదా?"

"దిగదు. మీ ఒంట్లో భాగమైపోతుంది."

ప్రణీత్ ముఖం చిట్లించాడు. "ఇంట్లో కూడా అలాగే ఉండాలంటే ఎలా? మనిషన్నాక ఎక్కడో ఒకచోట అరవాలి కదా. పోనీ నువ్వే వేయించుకో. నేనేమన్నా నీకు బాధుండదు."

హిమజకి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. "నాకెందుకండీ? ఆ జన్యువు నా రక్తంలోంచి తీసిందే. ఇన్నాళ్లూ మీరు ముక్కులో వేసుకున్నది నా ఓర్పుకి నకలు."

అతను సూదిమందుని ఆమె వైపు జరిపాడు.

"అసలుది నీ దగ్గరే ఉంటే మరీ మంచిది. ఇదీ వేయించుకో, ఓర్పు ఇంకాస్త ఉంటుంది."

హిమజ సూదిమందుని సింకులో పారబోసింది. ప్రణీత్ అరిచాడు. చెప్పులు వేసుకుంటూ ఆమె కూడా అరిచింది, వీధంతా వినపడేలా. ఆ జన్యువు మాత్రం ఆమెలో ఉన్నచోటే ఉంది.